వైద్యం ఎవరి వంతు?

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సభలో ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయురాలు లేచి నిలబడితే పాఠశాల చరిత్ర చెబుతుందని, పరీక్షా ఫలితాలు చదువుతుందని మీరు అనుకొని ఉంటారు. ఆ చరిత్రను ఈ సంచిక కొరకు నాకంటె బాగా తెలిసిన పెద్దలు వ్రాస్తున్నారు. బరంపురంలో ఒక తెలుగు బడి డెబ్బది అయిదు సంవత్సరాలు నిలిచినదంటే దాని వెనుక ఎన్ని ఇండ్ల చందాలు, ఎందరు తల్లుల పొదుపు ఉన్నవో మీకు తెలియనిది కాదు. జూబిలీ నిధిలో కొంత భాగాన్ని పేద విద్యార్థుల కుటుంబాలకు వైద్య సహాయంగా కేటాయించాలని పూర్వ విద్యార్థులు నిశ్చయించారు. ఆ నిర్ణయానికి నేను హృదయపూర్వకంగా కృతజ్ఞతలు చెబుతున్నాను. అయితే ఆ సొమ్మును ఎవరికి ఇవ్వాలి, ఎవరికి లేదని చెప్పాలి అన్న ప్రశ్న ఇంకా మన ముందు ఉన్నది. ఈనాడు నేను మాట్లాడదలచినది దాని గురించే.

నేను లెక్కల టీచరును గనుక ఒక లెక్కతో మొదలుపెడతాను. మూత్రపిండాలు రెండూ పనిచేయని మనిషికి రక్తాన్ని యంత్రం ద్వారా శుద్ధి చేయాలి. దానినే డయాలిసిస్ అంటారు. సాధారణంగా వారానికి 3 సార్లు, ప్రతిసారి సుమారు 4 గంటలు పడుతుంది. ఒక యంత్రం రోజుకు 3 విడతలు, వారానికి 6 రోజులు పనిచేస్తుందనుకుందాం. వారానికి 18 విడతలు. మనిషికి 3 చొప్పున ఆ యంత్రం మీద ఆరుగురు బ్రతకగలరు. పది యంత్రాలుంటే అరవై మంది. ఈ లెక్కను ఒకసారి పదవ తరగతి పిల్లలకు ఇచ్చాను. అందరూ సరిగానే చేశారు. వెనుక బెంచీలో ఒక అమ్మాయి మాత్రం లేచి, "టీచర్, అరవై ఒకటో మనిషి వస్తే?" అని అడిగినది. లెక్కల పుస్తకంలో దానికి జవాబు లేదు. వైద్యంలో వంతుల సమస్య అంతా ఆ అమ్మాయి ప్రశ్నలోనే ఉన్నది.

వంతు అన్నా, రేషను అన్నా మనకు చిన్నచూపు. బియ్యం కొరకు, కిరోసిను కొరకు వరుసలో నిలబడిన రోజులు గుర్తుకు వస్తాయి. కాని రేషను దుకాణం లేనిచోట ఏమి జరుగుతుందో కూడా చరిత్ర చెప్పినది. 1943లో వంగదేశంలో లక్షలాది మంది ఆకలితో మరణించారు. ఆ సంవత్సరం అక్కడ తిండిగింజలు బొత్తిగా లేకపోవడం వలన కాదు, ధర పెరిగి పేదల చేతికి అందకపోవడం వలననే ఆ ఘోరం జరిగినదని అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన తన గ్రంథంలో వాదించారు. అంటే పంపకం అప్పుడూ జరిగినది. ధర ఆ పంపకాన్ని చేసినది. రేషను దుకాణంలో ఇంటికి ఇంతమంది, మనిషికి ఇంత అని ఒక నియమం ఉంటుంది, గోడమీద పలక ఉంటుంది, తప్పు జరిగితే అడిగే హక్కు ఉంటుంది. ధర ఎవరికీ కారణం చెప్పదు.

వైద్యంలో ఈ ప్రశ్న బహిరంగంగా తలెత్తిన సందర్భాలలో డయాలిసిస్ ఒకటి. నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ అనే వైద్యుడు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో, కృత్రిమ మూత్రపిండాన్ని మనిషికి అమర్చి చూశారు. అయితే చికిత్స చేసిన ప్రతిసారి ఒక రక్తనాళం పాడయ్యేది. అందువలన కొద్దిరోజులలో కోలుకోగల రోగులకే అది ఉపయోగపడేది. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు చేతి రక్తనాళాలలో స్థిరంగా ఉంచగల టెఫ్లాన్ గొట్టాన్ని వాడుకలోకి తెచ్చారు. దానితో శాశ్వతంగా మూత్రపిండాలు చెడినవారిని కూడా సంవత్సరాల తరబడి బ్రతికించడం సాధ్యమయినది. ఆయన మొదటి రోగి పదకొండేండ్లు జీవించాడు.

ఒక విద్య పుట్టగానే ఒక చిక్కు కూడా పుట్టినది. 1962లో సియాటిల్‌లో డయాలిసిస్ కేంద్రం తెరిచారు. యంత్రాలు కొద్ది, రోగులు ఎక్కువ. ముందుగా వైద్యులు పరీక్షించి ఈ చికిత్సకు తట్టుకోగలవారిని ఏరేవారు. నలభై అయిదేండ్లు దాటినవారిని, పిల్లలను, ఆ రాష్ట్రవాసులు కానివారిని పక్కన పెట్టేవారు. అప్పటికీ ఎక్కువమందే మిగిలేవారు. వారిలో ఎవరికి యంత్రం దక్కాలో తేల్చడానికి ఏడుగురు సభ్యులతో ఒక సంఘాన్ని నియమించారు. ఒక న్యాయవాది, ఒక మతబోధకుడు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక గృహిణి, ఒక ప్రభుత్వాధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక శస్త్రవైద్యుడు. వారి పేర్లు రహస్యం. వారందరూ మంచివారే, జీతం లేకుండా, బాధపడుతూ ఆ పని చేసినవారే. అయితే వారి ముందు పెట్టిన వివరాలు చూడండి: వివాహం అయినదా, ఎందరు పిల్లలు, ఆదాయమెంత, ఆస్తి ఎంత, ఏమి చదివినాడు, ఏ ఉద్యోగం, నడవడి ఎటువంటిది, మున్ముందు సమాజానికి ఏపాటి ఉపయోగపడగలడు. 1962 నవంబరులో షానా అలెగ్జాండర్ అనే పాత్రికేయురాలు లైఫ్ పత్రికలో ఈ సంగతి వ్రాయగా దేశమంతా ఉలిక్కిపడినది.

ఉలిక్కిపడవలసినది దేనికి? యంత్రాలు చాలకపోవడం వారి తప్పు కాదు. ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదన్నదీ నిజమే. తేడా వారు వేసుకొన్న ప్రశ్నలో ఉన్నది. "ఈ చికిత్స వలన ఈ రోగికి ఎంత మేలు కలుగుతుంది?" అన్నది వైద్యుని ప్రశ్న. అది అడగదగినది. మేలు కలగనిచోట చికిత్స చేయడం రోగికీ హింస, వెనుక నిలిచినవానికీ అన్యాయం. "ఈ రోగి వలన మనకు ఎంత మేలు?" అన్నది వేరొక ప్రశ్న. ఇది మనిషికి వెలకట్టే ప్రశ్న. ఏడుగురు పెద్దమనుషులు ఒక గదిలో కూర్చొని ఈ రెండవ ప్రశ్న వేసుకొంటే తమవంటివారికే ఎక్కువ మార్కులు వేస్తారు. అందులో దురుద్దేశం ఉండనక్కరలేదు. తెలిసిన మనిషిలో మంచి తొందరగా కనిపిస్తుంది, అంతే.

ఆ సంఘాల అవసరం లేకుండా చేయాలని 1972లో అమెరికా శాసనసభ ఒక చట్టం చేసినది. మరుసటి సంవత్సరం నుండి మూత్రపిండాలు పూర్తిగా చెడిన దాదాపు అందరికీ, వయస్సుతో నిమిత్తం లేకుండా, ప్రభుత్వమే చికిత్స వ్యయం భరించసాగినది. మొదట్లో పదివేలమంది వరకు ఉన్నవారు నేడు అయిదు లక్షలు దాటారు. అది గొప్ప పని. కాని అక్కడితో ప్రశ్న తీరలేదు. మూత్రపిండాల రోగికి ఇచ్చిన హామీ గుండె రోగికి, కాన్సరు రోగికి ఎందుకు లేదని అడిగినవారికి తగిన సమాధానం దొరకలేదు. ఒకచోట వంతులు తీసివేస్తే అవి మరొకచోటికి వెళ్ళి నిలబడతాయి. అర్థశాస్త్రం మనకు చెప్పే పాఠం ఇదే. ఒక పనికి ఖర్చుపెట్టిన రూపాయి రెండవ పనికి మిగలదు. ఇంటి ఖర్చు చూసుకొనే ప్రతి తల్లికీ ఈ పాఠం ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

ఇక మన ముంగిటికి వద్దాం. ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల లోపే ఇచ్ఛాపురం. అక్కడి నుండి కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వరకు ఉన్న కొబ్బరి, జీడిమామిడి తోటల సీమను ఉద్దానం అంటాము. మనలో అనేకులకు అక్కడ చుట్టరికాలున్నవి. ఆ సీమలో మూత్రపిండాల వ్యాధి విపరీతంగా ఉన్నదని 1990ల నుండి వైద్యులు గమనిస్తున్నారు. నీరు, నేల, ఎండలో చాకిరి, పురుగుమందులు అని అనేక అనుమానాలు చెప్పారు, పరిశోధనలు చేశారు. ఇదే కారణమని నేటికీ నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం ప్రారంభమయినవి. 2016లో కేంద్ర ప్రభుత్వం తన బడ్జెటులో జాతీయ డయాలిసిస్ కార్యక్రమాన్ని ప్రకటించి, జిల్లా ఆసుపత్రులలో పేదలకు ఉచితంగా చికిత్స చేయాలని తలపెట్టినది. ఇవన్నీ మేలైన పనులు. ఒక తరం క్రితం ఈ వ్యాధి వచ్చిన పేదవానికి ఇంటికి తిరిగిపోవడం తప్ప దారి లేదు.

అయితే "ఉచితం" అన్న మాటను కూడా ఒకసారి లెక్క కట్టి చూడాలి. వారానికి 3 సార్లు అంటే సంవత్సరానికి 156 ప్రయాణాలు. రోగి ఒంటరిగా రాలేడు, తోడు ఒకరు రావాలి. ఇద్దరికీ రానుపోను కలిపి 624 టిక్కెట్లు. తోడు వచ్చినవారికి 156 రోజుల కూలి పోతుంది. యంత్రం ఉచితమే, దాని దగ్గరకు చేరడం ఉచితం కాదు. ఎవరు చేరగలరో, ఎవరు మధ్యలో మానుకొంటారో ఏ కమిటీ నిర్ణయించడం లేదు. బస్సు చార్జీ నిర్ణయిస్తున్నది, దూరం నిర్ణయిస్తున్నది. దరఖాస్తు ఏ భాషలో ఉన్నదన్నది కూడా నిర్ణయిస్తున్నది. తెలుగు తప్ప చదవలేని మన ముసలివారు ఆసుపత్రి కిటికీ దగ్గర కాగితం చేతబట్టుకొని మనవడి కొరకు ఎదురుచూడడం మీరందరూ చూచినదే. ఇది కూడా వంతుల పంపకమే. ఎవరూ తమ చేతులతో చేయలేదు గనుక ఎవరికీ బాధ్యత లేదు.

సరిహద్దు మరొకటి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం ఇటు వచ్చినది, ఇచ్ఛాపురం అటు మిగిలినది. అన్నదమ్ముల ఇండ్లు రెండు రాష్ట్రాలలో పడినవి. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదట శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాలలో ప్రారంభమయినప్పుడు అది అన్నగారి తెల్లకార్డుకు వర్తించినది, బరంపురంలోని తమ్మునికి వర్తించలేదు. ఏ రాష్ట్రమైనా తన ప్రజలకు తన సొమ్ము ఖర్చుపెట్టుకొంటుంది, అది అర్థం చేసుకోదగినదే. అయినా వ్యాధికి సరిహద్దు తెలియదు. ఆనాటి సియాటిల్‌లో కూడా పొరుగు రాష్ట్రం వారికి యంత్రం దక్కలేదని చెప్పాను కదా. నియమం ఒకసారి వ్రాసి గోడకు అంటిస్తే దానిని ప్రశ్నించవచ్చు, మార్చవచ్చు కూడా. అవయవ మార్పిడి కొరకు పేరు నమోదు చేసుకోవడానికి స్థానికులై ఉండాలన్న షరతును, 65 సంవత్సరాల వయోపరిమితిని తొలగించాలని 2023 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ నిర్ణయించినది. ఆ షరతులు కాగితం మీద ఉన్నవి గనుకనే మార్చగలిగారు. మనసులలో దాగి ఉన్న షరతులను మార్చడం కష్టం.

మనసులలోని షరతుల గురించి నాకు ఎలా తెలుసునో చెప్పవలసిన బాధ్యత నామీద ఉన్నది. కొందరు పెద్దలకు ఇది రుచించకపోవచ్చు. జూబిలీ వేళ చెప్పకపోతే ఇక ఎన్నడూ చెప్పలేను.

పన్నెండేండ్ల క్రితం ఈ బడిలోనే ఒక చిన్న సహాయ నిధి ఉండేది. ఉపాధ్యాయులు, కొందరు పూర్వ విద్యార్థులు కలిసి నెలనెలా వేసుకొన్న సొమ్ము. ఒక వేసవిలో అందులో 38,000 రూపాయలున్నవి. ఒకే వారంలో రెండు అభ్యర్థనలు వచ్చినవి. ఒకటి మన పూర్వ విద్యార్థిది. తెలివైన కుర్రవాడు, పదవ తరగతిలో బడికి ప్రథముడు, అప్పటికి ఇంజనీరింగు చదువుతున్నాడు. మూత్రపిండాలు చెడినవి. రెండవది ఎనిమిదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తల్లిది. నాలుగిండ్లలో పాచిపని చేసేది. ఆమెకూ అదే వ్యాధి. ఆమె అడిగినది చికిత్స డబ్బు కూడా కాదు, రాకపోకల ఖర్చు, మందుల ఖర్చు.

మేము అయిదుగురం నా గదిలో కూర్చొన్నాము. అరగంట కూడా పట్టలేదు. మొత్తం సొమ్ము ఆ కుర్రవానికి ఇచ్చాము. "మన బడికి పేరు తెచ్చినవాడు" అని ఒకరన్నారు. "మంచి కుటుంబం" అని మరొకరన్నారు. "రేపు నలుగురికి అన్నం పెట్టగలవాడు" అని అన్నది నేను. ఆ తల్లికి ఏమి చెప్పాలని ఎవరూ ఆలోచించలేదు. ప్యూనుచేత "ఇప్పుడు డబ్బు లేదు" అని చెప్పించాము. ఆమె రెండవసారి అడగలేదు. కొద్దివారాలకు ఆసుపత్రికి వెళ్ళడం మానుకొన్నదని, ఆరు నెలలు తిరగకముందే పోయిందని తరువాత తెలిసినది. ఆ అమ్మాయి టీ.సీ. మీద సంతకం చేసినది ఈ చేతితోనే.

మా డబ్బు ఇచ్చి ఉంటే ఆమె బ్రతికేదని నేను చెప్పలేను. ఆ కుర్రవానికి ఇవ్వడం తప్పని కూడా నేను అనడం లేదు. అతనికి తల్లి మూత్రపిండం ఇచ్చినది, నేడు క్షేమంగా ఉన్నాడు, నాకు సంతోషం. మా తప్పు వేరు. ఎవరి అవసరం ఎంత, ఎంత సొమ్ముతో ఎవరికి ఎంతకాలం ఆసరా కలుగుతుంది అని మేము అడగలేదు. అడిగి ఉంటే ఆ తల్లికి కావలసినది నిధిలో నాలుగవ వంతు కూడా కాదని తెలిసేది. ఇద్దరికీ సర్దగలిగి ఉండేవారము. మేము మార్కులు చూశాము, ఇంటిపేరు చూశాము, మాట తీరు చూశాము. సియాటిల్ సంఘం గురించి చాలా కాలం తరువాత చదివినప్పుడు నాకు ఆ ఏడుగురు పరాయివారుగా తోచలేదు.

పెద్దలారా, కొత్త నిధి విషయంలో ఆ పని మళ్ళీ జరగకూడదు. అందుకు నేను అయిదు నియమాలను మీ ముందు ఉంచుతున్నాను. సభ చర్చించి మార్చవచ్చు, కాని ఏదో ఒక నియమం వ్రాసి పెట్టకుండా ఒక్క రూపాయి కూడా పంచవద్దని నా ప్రార్థన.

మొదటిది, నిధిలో ఎంత ఉన్నది, ఎవరు అడగవచ్చు, ఎలా అడగాలి అన్నది తెలుగులోను, ఒడియాలోను నోటీసు బోర్డు మీద ఏడాది పొడవునా ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించే బాధ్యత ఒక ఉపాధ్యాయునికి అప్పగించాలి.

రెండవది, అవసరం ఎంత, సహాయం వలన రోగికి కలిగే మేలు ఎంత అన్నవే చూడాలి. మార్కులు, కులం, ఎవరి సిఫారసు, ఎవరు ఎంత చందా ఇచ్చారు అన్నవి దరఖాస్తులో ఉండకూడదు, నోట కూడా రాకూడదు. వీలైతే పేరు లేకుండా అంకె వేసి కమిటీ ముందు పెట్టాలి.

మూడవది, ఇద్దరి అవసరం సమానమయితే ముందు అడిగినవారికి ముందు. ఒకేరోజు అడిగితే చీటీ వేయాలి. చీటీ వేయడం నిర్దయ అని మీకు తోచవచ్చు. బ్రిటనులో క్షయకు స్ట్రెప్టోమైసిన్ కొత్తగా వచ్చి అందరికీ చాలనప్పుడు, 1947లో, ఎవరికి మందు ఇవ్వాలన్నది చీటీల వంటి పద్ధతితోనే తేల్చారు. ఆ మందు నిజంగా పనిచేస్తుందని ప్రపంచానికి రుజువయినది కూడా ఆ పరిశోధనతోనే. చీటీకి ఇంటిపేరు తెలియదు.

నాలుగవది, లేదని చెప్పవలసి వస్తే కమిటీ సభ్యుడొకరు ఎదుట కూర్చొని కారణంతో సహా చెప్పాలి, ప్యూనుచేత చెప్పించరాదు. మరల విచారించమని కోరే అవకాశం ఇవ్వాలి. కమిటీలో ఒకరు తప్పనిసరిగా ఇటువంటి కష్టం పడిన ఇంటి తల్లి అయి ఉండాలి.

అయిదవది, నిధిలో మూడింట ఒక వంతును జబ్బు ముదరకముందే కనిపెట్టడానికి కేటాయించాలి. మూత్రపిండాలు చెడడానికి లోకమంతటా ముఖ్య కారణాలు మధుమేహం, రక్తపోటు. వీటిని కనిపెట్టడానికి అయ్యే ఖర్చు స్వల్పం. ఏడాదికి ఒకసారి తల్లిదండ్రులందరికీ రక్తపోటు, మూత్ర పరీక్ష ఈ హాలులోనే జరిపించవచ్చు. ఈ నియమానికే ఎక్కువ అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. కండ్లముందు ఒక రోగి ఉండగా, ఇంకా జబ్బే పడనివారికి డబ్బు దాచిపెట్టడమా అని అడుగుతారు. కండ్లముందున్న మనిషికి ముఖం ఉన్నది, అయిదేండ్ల తరువాత రోగి కాకుండా తప్పించుకొన్నవానికి ముఖం లేదు. వాడు వచ్చి మనకు దండం కూడా పెట్టడు. అయినా వాడూ మన బడి తండ్రే. మూడింట రెండు వంతులు ఎదుట ఉన్నవారికి, ఒక వంతు కనిపించనివారికి అన్నాను. ఈ నిష్పత్తి సరియైనదని నేను రుజువు చేయలేను. మీరు మార్చండి, సున్నా మాత్రం చేయకండి.

ధర్మానికి నియమాలేమిటి, మనసు చెప్పినట్లు ఇస్తే చాలదా అని ఒక పెద్దాయన నన్ను నిన్న అడిగారు. ఎవరి జేబులోని సొమ్మును వారు మనసు చెప్పినట్లు ఇవ్వవచ్చు. అది దానం. పదిమంది చేతుల మీదుగా వచ్చిన సొమ్ము ఆ పదిమందికీ జవాబు చెప్పవలసిన సొమ్ము. 2021 వేసవిలో కరోనా రెండవ ఉధృతిలో ఆక్సిజన్ పడక కొరకు మనమంతా ఎన్ని ఫోన్లు చేశామో గుర్తు తెచ్చుకోండి. తెలిసినవారున్న ఇండ్లకు పడక దొరికినది. నా ఇంటికి కూడా ఒక తెలిసినవారివలననే దొరికినది. దొరకని ఇంటివారు చేసిన తప్పు ఏమిటని ఆ తరువాత నన్ను నేను అనేకసార్లు అడుగుకొన్నాను.

ఎన్ని నియమాలు పెట్టుకొన్నా అరవై ఒకటో మనిషి ఎప్పుడూ ఉంటాడు. యంత్రాలు పెంచమని, వైద్యులను నియమించమని ప్రభుత్వాలను అడగడం మన హక్కు, మానకూడదు. అవి పెరిగేలోగా మన గుమ్మం ముందు నిలిచినవానికి కనీసం ఈ మూడు మాటలు మనము చెప్పగలగాలి: నీకంటె ముందు ఎవరు ఉన్నారో ఇదిగో చూడు, ఎందుకు ముందున్నారో ఇదిగో కారణం, నీ వంతు ఎప్పుడు వస్తుందో ఇదిగో లెక్క. ఆనాడు ఆ తల్లికి ఈ మూడింటిలో ఒక్కటి కూడా నేను చెప్పలేదు.

పాఠశాలలో మేము ప్రతి సంవత్సరం మార్కులు వేస్తాము. ఆ మార్కులు పరీక్షలకే చెల్లుతాయి. మనుషుల ప్రాణాలకు మార్కులు వేసే అధికారం మాకు లేదని నేర్చుకోవడానికి ఈ ప్రధానోపాధ్యాయురాలికి చాలా కాలం పట్టినది. మీకు అంత కాలం పట్టకూడదని ఈ నాలుగు మాటలు చెప్పాను. నియమాల ప్రతులు బయట బల్లమీద ఉంచాము. చదివి, మీ సవరణలు వ్రాసి, నా గదిలోని పెట్టెలో వేయండి.